సర్వేకి దొరకని వంట

బందరులో సర్వే ఆఫీసు గోడకు అంటించిన కాగితాలు చదవడానికి నాకు పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా పట్టింది. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలు నావి. మా ఊరి అంగన్‌వాడీలో, పిల్లలు ఇళ్ళకు వెళ్ళిపోయాక, వాళ్ళ పలకల మీద దిద్దాను. చదవడమంటే నాకు ఇప్పటికీ ఊడుపు చేలో నడిచినట్టే. ఒక కాలు పైకి లాక్కున్నాకే రెండో కాలు వేయాలి. గుమ్మం దగ్గర కూర్చున్న బంట్రోతు చూసి చూసి, "ఎవరి పేరు కావాలో చెప్పమ్మా, నేను చూసి పెడతాను" అన్నాడు. నేను చెప్పలేదు. లేదనే మాట అతని నోటి వెంట వినడం నాకిష్టం లేకపోయింది.

చివరి కాగితం చివరి వరుస దాకా చదివాను. మా ఊరి పేరు లేదు.

మాది దివిసీమలో కోడూరు దాటి సముద్రం వైపు వెళ్ళే ఊరు. బోరు వేస్తే ఉప్పునీళ్ళు పడతాయి. ఊరి చివర స్తంభాల మీద కట్టిన తుఫాను షెల్టరు ఉంది. దాని మెట్ల పక్కన ఒక గది, ఆ గదిలో మంచినీళ్ళ కుళాయి. తుఫాను లేనప్పుడు ఆ షెల్టరు ఎవరికీ పట్టదు. మేకల పెంట, పగిలిన సీసాలు, గోడల నిండా బొగ్గు రాతలు. మా వీధి ఆడవాళ్ళం కలిసి కడిగి, ఆ గదిలో పొయ్యి పెట్టుకున్నాం. ఊళ్ళో మంచం పట్టినవాళ్ళకి, టీబీ మందులు మింగేవాళ్ళకి, వండిపెట్టే దిక్కు లేనివాళ్ళకి మధ్యాహ్నం అన్నం వండి ఇళ్ళకు పంపుతాం. ఒకావిడ బియ్యం తెస్తుంది, ఒకావిడ దొడ్లో గోంగూర కోసుకొస్తుంది, రొయ్యల చెరువుల్లో పనికి వెళ్ళే ఆవిడ చింతపండు కొనిస్తుంది. మాకు పేరు లేదు, బోర్డు లేదు. ఏళ్ళుగా జరుగుతోంది.

అలాంటిది ఒకరోజు పంచాయతీ నుంచి మనిషి వచ్చి చెప్పాడు. షెల్టర్లు పాడైపోతున్నాయట. వాటిని చూసుకోవడానికి స్వచ్ఛంద సంస్థలకు అప్పగిస్తారట. ఏ సంస్థ నిజంగా పనిచేస్తోందో తేల్చడానికి బందరులో సర్వే మొదలుపెట్టారట. "సర్వేలో ఉంటే గది మీదేనమ్మా. లేకపోతే తాళం ఎవరికిస్తే వాళ్ళది" అన్నాడు. ఆ గది పోతే పొయ్యి ఎక్కడైనా పెట్టుకోవచ్చు. ఆ కుళాయి ఇంకెక్కడా లేదు. ఉప్పునీళ్ళలో పప్పు ఉడకదు. అందుకే నేను బందరు బస్సెక్కాను.

సర్వే చేసే ఆవిడ కాలేజీలో పాఠాలు చెబుతుంది. మా చిన్న కోడలి వయసు ఉంటుంది. కుర్చీ వేయించింది, మంచినీళ్ళు తెప్పించింది. మర్యాదకేమీ తక్కువ చేయలేదు. అదే నాకు మరీ కష్టంగా ఉంది. మర్యాద లేని మనిషితో పోట్లాడటం సులువు.

"మీ సంఘం రిజిస్టర్ అయిందాండీ?"

"అంటే?"

"ఆఫీసులో నమోదు చేయించారా అని."

"అన్నం వండటానికి నమోదెందుకండీ?"

ఆవిడ నవ్వలేదు. నమోదైన సంస్థలన్నీ గోడమీద కాగితాల్లో ఉన్నాయంది. అన్నింటి దగ్గరికీ వెళ్ళలేరు కాబట్టి వరుసగా లెక్కపెట్టుకుంటూ ఇన్నింటికి ఒకటి చొప్పున తీస్తారట. "ఎవరి ఇష్టాయిష్టాలూ ఉండవు. చీటీ తీసినట్టే" అంది.

"చీటీ తీయాలంటే ముందు చీటీ మీద పేరుండాలి కదండీ."

"ఉండాలి. కానీ మీరొచ్చి అడిగారని మీ పేరు రాస్తే, రేపు ఇంకొకరు వచ్చి అడుగుతారు. ఎల్లుండి ఎమ్మెల్యే గారి మనిషి వచ్చి అడుగుతాడు. అప్పుడది సర్వే కాదమ్మా, సిఫార్సు."

ఆవిడ అన్నది సబబే. సబబైనందుకు ఆవిడమీద కోపం ఇంకా పెరిగింది. "అయితే మీ చీటీల్లో ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారో నేనూ వచ్చి చూస్తాను" అన్నాను. పంపించేస్తుందనుకున్నాను. ఆవిడ కాగితాలు సర్దుకుంటూ, "రండి. నేను అడిగేటప్పుడు మాత్రం మీరు మాట్లాడకూడదు" అంది.

అలా ఆవిడ వెంట తిరిగాను. మొదట గుడివాడ. బస్టాండుకు కాస్త ఎడంగా, ఎరువుల కొట్టు పైన ఒక గది. దాని బోర్డు నేనే చదివాను, పెద్ద పెద్ద అక్షరాలు, పేదల అభ్యున్నతి అని ఉంది. గదికి తాళం. కొట్టాయన కింద నుంచే, "వాళ్ళాండీ? పంద్రాగస్టుకి వస్తారు. జెండా కర్ర నా కొట్లోనే పెట్టి వెళ్తారు. కావాలంటే కర్ర చూపిస్తాను" అన్నాడు.

నందివాడ వైపు ఇంకొకటి. కాగితంలో రాసిన చిరునామాకి వెళ్తే అక్కడ చేపల చెరువు ఉంది. మేత చల్లుతున్నాయన మా కాగితం చూసి, "సంస్థ ఇక్కడేనండీ, లోపలుంటుంది, దిగి చూసుకోండి" అని నీళ్ళవైపు చేయి చూపించి పకపకా నవ్వాడు. సర్వే మేడం గారు ఆ పేరు పక్కన ఏదో గీసింది. నాకు లోపల సంతోషమే. ఇంకా కొన్ని తాళాలు, ఇంకొన్ని చెరువులు దొరికితే బాగుండుననుకున్నాను. ఎదుటివాడు లేకుండా పోతే మనకు చోటు వస్తుందనుకునే బుద్ధి నాకూ ఉంది.

తాళాలు ఎక్కువయ్యేసరికి ఆవిడే పద్ధతి మార్చింది. కాగితాన్ని నమ్ముకుంటే లాభం లేదనీ, పనిచేస్తున్న సంస్థ ఒకటి దొరికితే దాన్నే పట్టుకుని "మీకు తెలిసి ఇంకెవరు చేస్తున్నారు" అని అడుగుతూ వెళ్దామనీ అంది. ఒకరు ఇంకొకరిని చూపిస్తారు, వాళ్ళు మరొకరిని. గొలుసులా సాగుతుందట. నాకు ప్రాణం లేచొచ్చింది. గొలుసు అంటూ మొదలైతే ఎక్కడో ఒకచోట మా ఊరి అన్నం సంగతి ఎవరో ఒకరు చెప్పకపోరు కదా అనుకున్నాను.

గుడివాడలోనే ఒక పెద్ద సంస్థ తెరిచి ఉంది. ఏసీ గది, అద్దాల బీరువా, బీరువాలో ప్లాస్టిక్ కవర్లు తీయని శాలువాలు, వాటి మీద బంగారు రంగు మెమెంటోలు. కార్యదర్శి గారు మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించారు. ఇంకెవరు పనిచేస్తున్నారని మేడం గారు అడిగితే, ఆయన ఆలోచించనే లేదు.

"పామిడిముక్కలలో మా బావగారు చేస్తున్నారండీ, మొన్ననే సన్మానం చేశాం ఆయనకి. బందరులో మా మాస్టారి ట్రస్టు ఉంది. ఆయన చేతుల మీదుగానే నాకు ఈ శాలువా కప్పించారు."

నా వైపు తిరిగి, "అమ్మగారిది ఏ ఊరు? దివిసీమా? మీ వైపు తుఫానప్పుడు మేం వచ్చాం కదమ్మా, దుప్పట్లు పంచాం" అన్నారు.

మాట్లాడకూడదన్న సంగతి నాకు గుర్తుంది. అయినా నోరు ఊరుకోలేదు. "వచ్చారండీ. నన్నే ముందు నిలబెట్టారు. ఫొటో అయ్యాక నా దుప్పటి తీసి పక్కావిడ చేతిలో పెట్టారు, ఇంకో ఫొటోకి."

ఆయన గట్టిగా నవ్వారు. "భలే మాట్లాడతారండీ మీరు" అని మేడం గారితో అన్నారు, నేను అక్కడ లేనట్టు.

పామిడిముక్కలకు వెళ్ళాం. ఆ బావగారు గుడివాడ సంస్థ పేరు, బందరు మాస్టారి పేరు చెప్పారు. బందరు వెళ్ళాం. మాస్టారు పామిడిముక్కల పేరు, గుడివాడ పేరు చెప్పారు. అన్నిచోట్లా అద్దాల బీరువాలు. అన్నింట్లో ఒకే రకం శాలువాలు, ఒకే కొట్టు కవర్లు. ఎవరు ఎవరికి కప్పితే వాళ్ళు వీళ్ళ పేరు చెబుతున్నారు. కలంకారీ గుడ్డకు పేరున్న పెడన పక్కనే పెట్టుకుని, జారిపోయే నైలాన్ శాలువాలు ఇచ్చిపుచ్చుకుంటున్నారు.

తిరుగు బస్సులో మేడం గారు కిటికీ వైపు తిరిగి, "ఈ గొలుసు గుండ్రంగా ఉందండీ. తిప్పి తిప్పి మొదటి చోటికే తెచ్చింది" అంది. ఆవిడకీ తెలుసు. తెలిసినా ఆ పేర్లు రాసుకుంది. వాళ్ళు పనిచేస్తున్న మాట నిజమే కదా అంది. రక్తదాన శిబిరం పెట్టారు, పుస్తకాలు పంచారు, ఫొటోలున్నాయి. మా అన్నానికి ఫొటో లేదు. వేడిగా ఉండగానే క్యారియర్లలో సర్ది పంపేస్తాం. ఫొటో తీయడానికి దాన్ని ఎవరు ఆపుతారు?

మా ఊరి పేరు ఆ గొలుసులో ఎవరూ చెప్పలేదు. మేం ఎవరికీ శాలువా కప్పలేదు.

కొన్నాళ్ళకు ఆవిడే ఫోను చేసింది. కాగితం వద్దు, గొలుసూ వద్దు, ఊళ్ళనే తీస్తానంది. గుడివాడ వైపు కొన్ని, బందరు వైపు కొన్ని, దివిసీమలో కొన్ని. కంప్యూటర్ తీస్తుంది, తన చేయి ఉండదు. ఏ ఊరు పడితే ఆ ఊళ్ళో ఇంటింటికీ వెళ్ళి, ఇక్కడ ఎవరైనా జీతం లేకుండా పదిమందికి పనికొచ్చే పని చేస్తున్నారా అని అడుగుతుంది. బోర్డున్నా లేకున్నా రాసుకుంటుంది. "మీ ఊరు పడిందమ్మా" అంది.

నేను ఫోను చెవిదగ్గరే పెట్టుకుని నిలబడిపోయాను. ఇన్నాళ్ళూ ఆవిడని తిట్టుకున్న తిట్లన్నీ ఒక్కసారి వెనక్కి తీసుకున్నాను. తొందరపడ్డాను.

"కానీ ఒక మాట. నేను వస్తున్నట్టు మీరు ఎవరికీ చెప్పకూడదు. ఏం చెప్పాలో నేర్పకూడదు. ఆ రోజు మీరు ఊళ్ళో లేకపోతే ఇంకా మంచిది. మీరు నేర్పించారని తెలిస్తే ఆ ఊరినే తీసేయాలి."

మాటిచ్చాను. ఆ రోజు అవనిగడ్డలో మా ఆడపడుచు ఇంటికి వెళ్ళి కూర్చున్నాను. "ఏంటే, చెప్పాపెట్టకుండా వచ్చావు, ఇంట్లో గొడవా?" అని ఆవిడ ప్రాణం తీసింది. చెప్పలేదు. వాళ్ళ టీవీ ముందు కూర్చున్నానేగానీ ఏం చూశానో తెలియదు. పొయ్యి మీద అంత పెద్ద గిన్నె ఉంటుంది, వరసగా క్యారియర్లు ఉంటాయి, అడిగితే చెప్పడానికి అయిదారుగురు ఆడవాళ్ళుంటారు. కళ్ళున్న మనిషి ఎవరికైనా కనిపిస్తుంది. ఇక నేనెందుకు?

సాయంత్రం బస్సు దిగేసరికి మా వాళ్ళు షెల్టరు మెట్ల మీద గిన్నెలు తోముతున్నారు. బియ్యం తెచ్చే ఆవిడ నాకు వరసకు మరదలు. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"వదినా, నువ్వు లేకుండా పోయావు. ఎవరో కాలేజీ ఆవిడ వచ్చింది. పాపం ఎండలో ఇల్లిల్లూ తిరిగి మొహం వాడిపోయింది. కూర్చోబెట్టి అన్నం పెట్టాం."

"ఎక్కడ పెట్టారు?"

"ఇక్కడే. గోంగూర పప్పు, బెండకాయ పులుసు. రెండుసార్లు వేయించుకుంది."

"ఏం అడిగింది?"

"ఈ ఊళ్ళో సేవ చేసేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అంది. తుఫానొస్తే వస్తారండీ ఎక్కడెక్కడి వాళ్ళో, మళ్ళీ తుఫాను దాకా కనపడరు అన్నాం. జీతం లేకుండా ఊరికి ఏదన్నా పని చేస్తారా అంది. అంత తీరిక ఎవరికుందండీ, చెరువుల్లో కూలికే సరిపోతోంది అన్నాం."

"ఈ వంట ఎవరిదని అడగలేదా?"

"అడక్కుండా ఉంటుందా, ఇంత గిన్నె చూసి? ఇవాళ మా ఇంట్లో పేరంటం, ఇల్లు ఇరుకని ఇక్కడ వండుకున్నాం, ఇది మా ఇంటి వంటేనండీ, మొహమాటపడకుండా తినండి అన్నాను."

నా చేతిలో సంచి అక్కడే వదిలేశాను. "పేరంటమా? ఎవరింట్లోనే పేరంటం? ఎందుకలా చెప్పావు?"

మరదలు తోముతున్న గిన్నె ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "మరేం చెప్పమంటావు? మంచం పట్టినవాళ్ళకీ రోగాలవాళ్ళకీ వండిన అన్నం నీకు పెడుతున్నామమ్మా అని గుమ్మంలోకొచ్చిన మనిషికి చెప్తారా ఎవరన్నా? ఆవిడకి ముద్ద దిగుతుందా? నువ్వైతే చెప్తావా?"

నేనూ చెప్పను. అందుకే మరింత మండింది. అరిచాను. గది పోయిందే, ఆ పప్పుతోపాటు గది కూడా దానికే వడ్డించారు అని అరిచాను. సంగతి మొత్తం చెప్పాను.

చింతపండు ఇచ్చే ఆవిడ చేతులు కడుక్కుంటూ, "ముందే చెప్పి ఏడవచ్చుగా అక్కా" అంది.

"చెప్పనని మాటిచ్చాను."

"ఎవరికి?"

"ఆవిడకే."

"అయితే వెళ్ళి ఆవిడమీదే అరువు. మామీద ఎందుకు?"

వెళ్ళాను. మళ్ళీ బందరు, మళ్ళీ అదే కుర్చీ. నేను చెప్పింది విని ఆవిడ మొహం తెల్లబోయింది. "పేరంటం అన్నారు కదండీ వాళ్ళు, మీ వంట ఆ రోజు లేదేమో అనుకున్నాను. పులుసు చాలా బాగుంది కూడా" అంది. ఆ మాట అన్నందుకు ఆవిడే సిగ్గుపడింది.

"బాగుంటుంది. ఆ పూట ఎవరి క్యారియర్లోనో తగ్గింది మీరు తిన్నది. ఇప్పుడు రాసుకోండి."

ఆవిడ తన కాగితాలు తిరగేసింది. తర్వాత, ఆ రోజు ఆ ఊళ్ళో విన్నది మాత్రమే రాయాలంది. తర్వాత వచ్చి చెప్పినవాళ్ళ మాట చేర్చితే, వచ్చి చెప్పలేని ఊళ్ళకు అన్యాయం అంది. "కావాలంటే పేజీ అడుగున మీ సంగతి రాస్తాను."

"అడుగున రాసింది ఎవరు చదువుతారండీ?"

"చదువుతారో లేదో నేను చెప్పలేను."

ఆవిడ అబద్ధం చెప్పదు. ఎప్పుడూ చెప్పలేదు. అబద్ధం చెప్పింది మా మరదలు, మర్యాద కోసం. ఆవిడ నిజమూ, మా మర్యాదా కలిసి మా కుళాయిని కట్టేశాయి.

షెల్టరు గుడివాడ కార్యదర్శి గారి సంస్థకు వచ్చింది. రిజిస్ట్రేషన్ కాగితంలోనూ వాళ్ళున్నారు, గొలుసులోనూ వాళ్ళున్నారు. మా ఊళ్ళో మాత్రం సంస్థ ఏదీ లేదని తేలింది కదా. మేం పొయ్యి బయటికి తెచ్చి, కాలవగట్టు మీద తుమ్మచెట్టుకు ప్లాస్టిక్ పట్టా కట్టుకున్నాం. నీళ్ళు ట్యాంకరు వచ్చినప్పుడు పట్టుకుంటున్నాం, రానప్పుడు సైకిల్ మీద తెప్పించుకుంటున్నాం.

వాళ్ళు రెండు కార్లలో వచ్చారు. ఫ్లెక్సీ కట్టారు, మైకు పెట్టారు. గదికి కొత్త తాళం వేసి, దానికి రిబ్బన్ చుట్టి, మళ్ళీ ఆ రిబ్బనే కత్తిరించారు. బందరు మాస్టారు వచ్చారు, పామిడిముక్కల బావగారు వచ్చారు. మేడం గారినీ పిలిచినట్టున్నారు, వెనక కుర్చీలో కూర్చుంది. ఊరి ఆడవాళ్ళ తరఫున ఒకరికి సన్మానం అని కార్యదర్శి గారు మైకులో అన్నారు. నేను తప్పుకునే లోపే మెట్లు దిగి వచ్చి నా భుజాలమీద శాలువా కప్పేశారు. ఫొటో తీశారు. ఈసారి వెనక్కి తీసుకోలేదు. అది ఎటూ నిలవదు, భుజం మీద నుంచి దానంతటదే జారిపోతుంది.

ఎండ నడినెత్తికొచ్చింది. కార్యదర్శి గారు తుమ్మచెట్టు వైపు చూసి, "వాసన అదిరిపోతోందమ్మా. భోజనాలు ఇక్కడేనా ఏర్పాటు?" అన్నారు.

మా మరదలు అప్పటికే పళ్ళేలు తుడుస్తోంది. వేళకొచ్చిన మనిషికి పళ్ళెం వేయడం ఆవిడ చేతికి అలవాటు.

"అన్నం లేదండీ" అన్నాను.

ఆయన పొగలొస్తున్న గిన్నె వైపు చూశారు. "ఉంది కదమ్మా?"

"ఉంది. మీకు లేదు."

మరదలు, "వదినా!" అని నా చేయి గిల్లింది. ఆయన ఎప్పటిలాగే నవ్వారు. "చెప్పాను కదా, భలే మాట్లాడతారీవిడ" అని అందరితో అంటూ కార్లవైపు నడిచారు. అవనిగడ్డలో హోటలు మంచిది ఏదని మైకు కుర్రాడిని అడగడం వినిపించింది.

మేడం గారు కార్ల దగ్గరికి వెళ్ళలేదు. చెట్టు కిందికి వచ్చి నిలబడింది. నాకేసి చూసి, గిన్నెకేసి చూసింది. నేను పళ్ళెం తీసుకుని అన్నం పెట్టాను, పులుసు పోశాను. పళ్ళెం చేతికిచ్చి, ఆవిడ కలుపుకునేదాకా ఆగి అప్పుడు చెప్పాను.

"ఇది మా ఇంటి వంట కాదండీ. ఇవాళ ఎవరింట్లోనూ పేరంటం లేదు. మంచం పట్టినవాళ్ళకి వండిన అన్నం."

ఆవిడ నోటిదాకా తెచ్చిన ముద్ద తిరిగి పళ్ళెంలో పెట్టింది. "వద్దండీ. ఇది వాళ్ళకే పంపండి" అంది, మెల్లగా.

మా ఆడవాళ్ళందరూ నావైపు తిరిగారు. చెప్పామా లేదా అన్నట్టు.

"మీరు చేయి పెట్టి కలిపింది ఎవరికి పంపుతామండీ? ఎంగిలి. ఇక అది మీదే, తినండి."

ఆవిడ తిన్నది. నిలబడే, తల ఎత్తకుండా, మెతుకు మిగల్చకుండా తిన్నది. నీళ్ళు కూడా అడగలేదు. నేను ఎదురుగా నిలబడి చూశాను. నా చేతిలో గరిటె ఉంది, గిన్నెలో పులుసు ఉంది. ఒకరికి అన్నం పెట్టి మారు అడగకుండా ఉండటం నాకు అదే మొదలు.